తెల్లబడిన ముక్కుపుడక

మా వీధిలో ఎవర్నడిగినా షాహీదాబీ ఓర్వలేని మనిషి అంటారు. అననీ. అబద్ధమేం కాదు. నా తోడికోడలు జువేరియా నెల తప్పినప్పటి నుంచి నేను కళ్లలో నిప్పులు పోసుకునే తిరిగాను. ఆ సంగతి నా నోటితో నేనే చెబుతాను. ఇంకొకరు చెబితే ఉప్పూకారం ఎక్కువ పడుతుంది.

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ల వెనక సందుల్లో నగలు చేసేవాళ్ల గదులు బోలెడున్నాయి. ఆ గదుల్లో ఊడ్చిన మట్టిని మేం కొంటాం. ఆకురాయితో రాసినప్పుడు రాలిన బంగారు రజను ఆ మట్టిలో ఉంటుంది. మా ఆయన మౌలాలి తాత కాలం నుంచీ ఇంట్లో ఇదే పని. మట్టిని కాల్చి, దంచి, జల్లించి, బాండ్లిలో పోసి కడుగుతారు. అడుగున మిగిలిన నల్లటి ఇసుకలో పాదరసం పోసి పిసుకుతారు. ఎక్కడెక్కడి రజనునూ పాదరసం పట్టుకుంటుంది. దాన్ని గుడ్డలో వేసి పిండితే తెల్లటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను మూసలో పెట్టి కుంపటి మీద కాలిస్తే పాదరసం పోయి, పచ్చటి బంగారం నిలుస్తుంది. చెప్పడానికి నాలుగు మాటలే. చేసేవాళ్లకు నడుములు విరుగుతాయి.

ఆ కుంపటి మా వంటింటి పక్క గదిలో ఉండేది. బయటివాళ్ల కంట పడకూడదని ఆ గదికి కిటికీ పెట్టలేదు. కుంపటి ముందు ఒక చెక్క పీట. దాని మీద ఎవరు కూర్చోవాలో చెప్పేది మా అత్త ఖాసింబీ. ఇంట్లో కోడలు కడుపుతో ఉంటే ఆ పీట ఆమెదే. చూలింత బరువులెత్తకూడదు, వంగి మట్టి కడగకూడదు, రోజంతా నీళ్లలో నానకూడదు. నీడపట్టున కూర్చుని, విసనకర్రతో విసురుతూ, ముద్ద రంగు మారేదాకా చూసుకుంటే చాలు. ఇంతకంటే సుఖమైన పని ఏముంటుందని మా అత్త లెక్క.

ఇంకో నమ్మకం కూడా ఉండేది. ఆ పీట మీద కూర్చున్న చూలింత ముక్కుపుడక కొన్నాళ్లకు తెల్లబడుతుంది. అట్లా తెల్లబడితే బిడ్డ తెల్లగా పుడుతుందని మా అత్తకు వాళ్లత్త చెప్పింది. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు కూడా తెల్లబడిందట. ఆయన నల్లగా కుంపట్లో బొగ్గులా ఉంటాడు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను పెద్దముడియం పక్క పల్లె నుంచి పదకొండేళ్ల కిందట ఈ ఇంటికి వచ్చాను. రెండుసార్లు ఆ పీట ఎక్కాను. రాణీవాసం అనుభవించాననే చెప్పాలి. మా అత్త నా చేతికి చెంబు కూడా అందనిచ్చేది కాదు. మొదటిసారి ఐదో నెలలో పోయింది. రెండోసారి బిడ్డ నిలిచింది. ఏడో నెలలో అమ్మలక్కలంతా వచ్చి గాజులు తొడిగి, పూలు పెట్టారు. ఆ గాజులు తొడిగిన పన్నెండో రోజు నొప్పులొచ్చాయి. మగబిడ్డ. మా అత్త మాట పోలేదు, తెల్లగానే పుట్టాడు. కానీ ఏడవలేదు.

ఆ తర్వాత నాకు కడుపు రాలేదు. కాన్పయ్యాక ముక్కుపుడకను నిప్పుల్లో కాలిస్తే మళ్లీ పచ్చగా అవుతుంది, ఎప్పుడూ చేసేది అదే. రెండోసారి దాన్ని నేను కాల్చనివ్వలేదు. తెల్లగా ఉన్నదాన్ని ఉన్నట్టే అగ్గిపెట్టెలో పెట్టి, బట్టల పెట్టె అడుగున దాచుకున్నాను. వాడివి అని చెప్పుకోవడానికి నాకు ఇంకేం మిగల్లేదు.

ఎనిమిదేళ్లు ఆ పీట ఖాళీగా ఉంది. అప్పుడు మా మరిది ముబారక్ పులివెందుల పిల్ల జువేరియాను చేసుకున్నాడు. ఇరవై రెండేళ్ల పిల్ల. మా మరిది కువైట్‌లో బండి నడుపుతాడు. సెలవు మీద వచ్చి నాలుగు నెలలుండి పోయాడు. పోయిన నెలకే ఈమె వాంతులు మొదలుపెట్టింది. మా అత్త వీధి వీధంతా చక్కెర పంచింది. పీట తుడిచి, పైన బొంత పరిచి, జువేరియాను కూర్చోబెట్టింది. నా పీటకు ఎప్పుడైనా బొంత పరిచిందా అని ఆలోచించాను. పరవలేదు.

ఇక నా బుద్ధి ఎట్లా పోయిందో చెబుతాను. వండేది నేను కాబట్టి కూరలో మంచి ముక్క మా ఆయనకు వేసి, ఎముక ఉన్నది ఆమెకు వేసేదాన్ని. మామిడికాయ ఊరగాయ అడిగితే అయిపోయిందన్నాను. జాడీ నిండా ఉంది. ఆమె పడుకున్నప్పుడే మట్టి దంచేదాన్ని, రోకలి చప్పుడుకు లేవనీ అని. ఆమె లేచి, నవ్వుతూ వచ్చి, "అక్కా, నేను పడతా, రోకలి ఇట్లియ్యి" అనేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అన్నారా. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

నాలుగో నెల నిండకముందే ఆమె ముక్కుపుడక తెల్లబడింది.

"అక్కా, చూడు. ఎంత తెల్లగయిందో" అని ముక్కు నా మొహం దగ్గరికి తెచ్చింది.

నాది ఐదో నెల వస్తే గానీ తెల్లబడలేదు. "తెల్లగయితే మంచిదేలే, పో" అన్నాను. పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా ఏడ్చాను. ముక్కుపుడకకు కూడా ఆమె అంటేనే ఇష్టం అనుకున్నాను. అంత పిచ్చి పట్టింది నాకు.

అప్పుడే సూది గొడవ వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు ధనుర్వాతం రాకుండా సూది వేస్తారు కదా, దానికి జువేరియాను పంపమని నర్సమ్మ ప్రియదర్శిని ఇంటికి రెండుసార్లు వచ్చి చెప్పిపోయింది. ఆ వారమే కువైట్ నుంచి ముబారక్ ఫోన్లో మాట పంపించాడు. మా అత్త దాన్ని అందరికీ వినిపించింది.

"అమ్మా, ఆ సూదిలో పాదరసం కలుపుతారంట. ఈడ మా రూములో అందరూ అదే చెప్తాండారు. కడుపులో బిడ్డకు విషమంట. జువేరియాకు యేయించొద్దు."

మా అత్త ఫోను పక్కన పెట్టి నా వైపు చూసింది. "షాహీదాకు రొండుసార్లూ ఆ సూది యేయిస్తిమి. రొండుసార్లూ పాయె. ఇంక సాక్ష్యం ఏం కావల్ల?"

ఆ మాట నాకు ఎంత హాయిగా తగిలిందో చెబితే మీరు నమ్మరు. ఎనిమిదేళ్లుగా నా కడుపుదే తప్పు అనుకుంటున్నాను. వీధిలో అనుకునేదీ అదే. ఇప్పుడు తప్పు సూదిదయింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. చెయ్యి కడుక్కునేసరికి మళ్లీ కుళ్లు పుట్టింది. నా ఇద్దరు బిడ్డలు పోయి ఈ ఇంటికి బుద్ధి నేర్పారు, ఆ బుద్ధి జువేరియా బిడ్డకు పనికొస్తోంది. నాకేం మిగిలింది?

ఐదో నెల వచ్చాక నర్సమ్మ మూడోసారి వచ్చి, సూది సంగతి తర్వాత, ముందు బరువన్నా చూపించుకోండమ్మా అంది. మా అత్త నన్ను కాపలా పంపింది. "బరువు చూపించు, రక్తం చూపించు. సూది మాత్రం యేయనీయొద్దు" అని ఆటో ఎక్కేదాకా చెప్పింది.

ఆరోగ్య కేంద్రంలో ప్రియదర్శిని జువేరియా చెయ్యి పట్టుకుని బీపీ చూస్తూ, ముక్కు వైపు చూసింది.

"వెండి పుడక పెట్టుకున్నావే?"

"బంగారుదే మేడం. తెల్లగయింది. బిడ్డ తెల్లగా పుడతాదంట" అని జువేరియా సిగ్గుపడింది.

రక్తం ఇచ్చి రమ్మని ప్రియదర్శిని ఆమెను పక్క గదికి పంపి, నన్ను కూర్చోమంది.

"మా నాయన ఆచారి, బంగారు పనే. ఉంగరం పెట్టుకుని పాదరసం జోలికి పోతే మమ్మల్ని తిట్టేటోడు, ఉంగరం తెల్లబడతాదని. ఆ పాప పాదరసం ముట్టుకుంటాదా?"

"లేదు మేడం. ముట్టుకునేది మా ఆయన. ఆ పాప కుంపటి కాడ కూచ్చోని విసురుతాది, అంతే."

"చేత్తో ముట్టుకోకపోతే ముక్కుకు ఎట్లా అంటింది?"

పదకొండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని ఆ ఇంట్లో పసిపిల్లను అడిగినా చెబుతుంది. ముక్కుకు ఎట్లా తగిలిందని మాత్రం ఏ ఒక్కరమూ అడగలేదు.

"కాలిస్తే పాదరసం యాడికీ పోదమ్మా, గాలిలోకి వస్తాది" అంది ప్రియదర్శిని. "వాసన ఉండదు, పొగ కనపడదు. ముక్కులోకి పోతాది, రక్తంలోకి పోతాది, కడుపులో బిడ్డకూ పోతాది. బిడ్డ మెదడుకు శానా చెడ్డది. కడుపు నిలవకుండా కూడా పోవచ్చు."

"సూదిలో కూడా పాదరసమే కదా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆ సూదిని నేను వదలదలచుకోలేదు.

"ఉంటాది. అబద్ధం చెప్పను. ఒకే బుడ్డి మందు పదిమందికి వాడతాం కాబట్టి చెడిపోకుండా కలుపుతారు. ఆవగింజను యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత బరువు కూడా ఉండదు. అది వేరే రకం, తొందరగా ఒంట్లోంచి పోతాది. ఇన్నేళ్లుగా ఎంతమందికో వేసినారు, దాంతో బిడ్డలకు చెడు జరిగినట్టు తేలలేదు. సూది లేకపోతే ధనుర్వాతం వస్తాది. మీ మట్టిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు ఉంటాయి కదా, నీ చేతులు చూసుకో."

చూసుకున్నాను. రెండు అరచేతులా గాట్లే.

"మరి నా ఇద్దరూ?" అన్నాను.

ప్రియదర్శిని బీపీ పట్టీ చుట్టి పక్కన పెట్టింది. "దానివల్లనే అని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను. ఈ పాపను మాత్రం ఆ గది దరిదాపులకు పోనీయొద్దు. నేను వచ్చి మీ అత్తతో మాట్లాడతా."

"మీరు రావద్దు మేడం. నేనే చెప్తా" అన్నాను.

చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు.

ఇది నేను ఎవరికీ ఒప్పుకోని సంగతి, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మరచిపోయి కాదు, భయపడి కాదు. సూది తప్పు కాకపోతే ఆ పీట తప్పు. పీట తప్పయితే, రెండుసార్లు దాని మీద కూర్చుని, ముద్ద రంగు బాగా చూడాలని మొహం మూస మీదికి వంచి, విసిరి విసిరి ఆ గాలి పీల్చింది నేనే. అది మింగుడు పడలేదు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి. నాకు ఎవరు చెప్పారు? నా బిడ్డలకు దొరకని జాగ్రత్త దాని బిడ్డకు మాత్రం ఎందుకు? పొద్దున లేస్తే ఆమె పీట మీద కూర్చోవడం చూసేదాన్ని. నోటి దాకా వచ్చిన మాటను మింగి, బాండ్లి తీసుకుని పెరట్లోకి పోయేదాన్ని. అంత పాపిష్టిదాన్ని నేను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కుంపటి మీద పెద్ద ముద్ద కాలుతోంది. జువేరియా పీట మీద నుంచి నన్ను పిలిచింది.

"అక్కా, బిన్నా రా, ఆలస్యం చెయ్యాకు. బిడ్డ కదుల్తాంది."

నేను గడపలోనే నిలబడ్డాను. ఆమె లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టుకుంది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత లోపల్నుంచి చిన్నగా తన్నింది. మళ్లీ తన్నింది. నావాడూ ఇదే గదిలో, ఇదే వైపు తన్నేవాడు. నేను విసనకర్ర పక్కన పెట్టి, తన్నులు లెక్కపెట్టుకునేదాన్ని. ఆ గాలిలోనే కూర్చుని లెక్కపెట్టుకునేదాన్ని. నాలో లేచింది అసూయో ఏడుపో నాకు తెలియదు.

జువేరియా తిరిగి పీట వైపు పోతుంటే రెక్క పట్టుకుని వెనక్కి లాగాను.

"ఇంకోసారి ఆ పీట ఎక్కినావంటే కాళ్లు ఇరగ్గొడతా. అది నా పీట. నడువు బయటికి."

ఆమె బెదిరిపోయి ఏడుపు అందుకుంది. మా అత్త పరుగెత్తుకొచ్చింది. "ఏందే ఇది? చూలుదాన్ని పట్టుకుని లాగుతాండావు? ఓర్వలేవా?"

"అవునత్తా, ఓర్వలేను" అన్నాను. జువేరియాను పెరట్లోకి నడిపించుకుపోయి ముక్కుపుడక తీయమన్నాను. మట్టి కడుగుతున్న మౌలాలి లేచి నిలబడ్డాడు. ఆమెను దూరంగా నిలబెట్టి, పుడకను ఆయన చేతిలో పెట్టాను.

"దీన్ని కాల్చు. ఈడనే, బయట."

"నీకు పిచ్చి గిన పట్టిందా?"

"కాల్చు. నువ్వు గాలికి ఇవతల నిలబడి కాల్చు."

నా మొహం చూసి ఆయన పుడకను పట్టకారుతో పట్టుకుని మంట చూపించాడు. కాసేపటికి తెలుపు పోయి పుడక పచ్చబడింది.

"దీన్నుంచి ఏం పోయింది?" అని అడిగాను.

"పాదరసం పాయె. ఇదొక ప్రశ్నా?"

"ఆ పాప పాదరసం ముట్టుకుందా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి దాని ముక్కుకు ఎవరు పూసినారు?"

మౌలాలి బుద్ధిమంతుడు, పని తెలిసినవాడు. పట్టకారు చేతిలోనే ఉంది. తల తిప్పి ఆ కిటికీ లేని గది వైపు చూశాడు.

ప్రియదర్శిని చెప్పిందంతా చెప్పాను. ఆవగింజ సంగతి కూడా చెప్పాను. మా అత్త ఒప్పుకోలేదు. "సూదిలో పాదరసం వద్దని కొడుకు చెప్పె. మూడు తరాలుగా మా ఇంట్లో కుంపటి ఉండాది, దానికేమొచ్చె?"

దానికి మౌలాలి జవాబు చెప్పాడు. "అమ్మా, ఆవగింజలో యాభయ్యో వంతుకు భయపడి సూది వద్దంటిమి. రేగుపండంత ముద్దలో సగం పాదరసమే. వారానికి నాలుగు ముద్దలు ఆ గదిలో కాలుస్తాండాం. అదంతా యాడికి పోతాందని అనుకుంటిమి?"

నేను లోపలికి పోయి బట్టల పెట్టె తెరిచాను. అగ్గిపెట్టె తెచ్చి, మూత తీసి, పచ్చబడిన జువేరియా పుడక పక్కన నా పుడక పెట్టాను. ఎనిమిదేళ్లయినా తెల్లగానే ఉంది. మా అత్త దాన్ని చూసింది. ఎవరిదని అడగలేదు. పెరటి గట్టు మీద కూలబడింది. "నేనే కూచ్చోబెట్టినా" అంది. "రొండుసార్లూ నేనే కూచ్చోబెట్టినా."

కాదత్తా, నీ తప్పు కాదు అని ఆమెను ఓదార్చి ఉండాల్సింది. నోరు రాలేదు.

ఆ పొద్దు కుంకక ముందే కుంపటి, మూస, పాదరసం సీసా అన్నీ ఇంట్లోంచి పోయాయి. పీటను మౌలాలి గొడ్డలితో చీల్చాడు. ఇప్పుడు ముద్దలు మా ఇంట్లో కాల్చరు. ఆవిరి బయటికి రాకుండా మూసి కాల్చే పొయ్యి ఒకాయన దగ్గర ఉంది, అక్కడికే పంపిస్తాం. మూడు తరాల కుంపటి ఒక్క పూటలో ఇంట్లోంచి పోయింది. నా బిడ్డలకు ఆ ఒక్క పూట దొరకలేదు.

మర్నాడు జువేరియాకు సూది వేయించాం. ఆమె కళ్లు మూసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముబారక్ ఫోన్ చేసి కేకలు పెడితే, ఫోను నేనే లాక్కున్నాను. "పాదరసం సూదిలో కాదప్పా, మీ ఇంట్లో ఉండాది. ఈడికి వచ్చినప్పుడు చూపిస్తా" అన్నాను. వదిన ఇంత మాట్లాడుతుందని మా మరిదికి అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, ఇప్పటికి బాగుంది, ఆ ఇంటికి దూరంగా ఉండడమే మందు అంది. జువేరియాను కాన్పు దాకా పులివెందులకు పంపేశాం. మామిడికాయ జాడీ మొత్తం ఆమెకే కట్టి ఇచ్చాను. మంచితనంతో కాదు. అది ఇంట్లో ఉంటే నా అబద్ధం గుర్తొస్తుంది.

కాన్పయిందని ఫోన్ వస్తే నేనూ మా అత్తా బస్సులో పోయాం. పులివెందుల ఆసుపత్రి వరండాలోకి రాకముందే ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. మా ఆయన కంటే నలుపు. అక్కడి డాక్టరమ్మ అంతా బాగుందని, ఏడాది దాకా నెలనెలా తెచ్చి చూపించమని చెప్పింది. మా అత్త బిడ్డ మొహం మీద గుడ్డ తొలగించి చూసింది. అలవాటైన నోరు ఊరుకోదు కదా, "నల్లగా పుట్టెనే" అంది.

"నల్లగుంటే ఏమత్తా" అన్నాను. "ఏడుస్తాంది కదా."

మా అత్త మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

బిడ్డను ఎత్తుకుంటానని నేను అడగలేదు. అసూయ పోయిందా అంటే పోలేదు, అబద్ధం ఎందుకు. ఆ మంచం మీద, ఆ పక్కలో నేను ఉండాల్సిందని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. జువేరియానే, "అక్కా, పట్టుకో" అని బిడ్డను నా ఒడిలో పెట్టింది. కొత్త చేతులు తగిలి అది ఇంకా గట్టిగా ఏడ్చింది. ఊరుకోబెట్టమని చుట్టూ ఉన్నవాళ్లు అంటూనే ఉన్నారు. నేను ఏడవనిచ్చాను.